ఇరవై ఒక్క రోజుల తోలు

"ఏమే, ఫేనాపేవా?"

"ఆపేను బావా. పడుకో."

మా ఇద్దరి మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. ఇవే ముందు రాయి. ఆ పూట అసలు కరెంటే లేదు. ఫ్యాను దానంతట అదే ఆగిపోయి గంట అయింది. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. అది మా ఇంట్లో మేమిద్దరం వాడుకునే మాట. ఏదైనా నాజూకు పని నడుస్తున్నప్పుడు, లేదా ఒకళ్ళు భయపడుతుంటే ఇంకొకళ్ళు నవ్వించడానికి అనుకునేవాళ్ళం. గుండెలో ఏదో పట్టేసినట్టుందని ఆయన మంచం మీద వాలి, నా మొహం చూసి ఆ మాట అన్నాడు. నేను ఆటో కోసం వీధిలోకి పరిగెత్తి, దాన్ని వెంటబెట్టుకుని వచ్చేసరికి అంతా అయిపోయింది.

మూడో రోజు ప్రార్థన కూడికకి వచ్చిన ఒక పెద్దమనిషి కాఫీ తాగుతూ, "ఆ కాలికి ఎవరిదో తోలు అతికించేరు కదండీ, అదే లోపలికెళ్ళి గుండెని పట్టేసుంటాది" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నిజమే అన్నట్టు తలలు ఊపారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఏడుస్తున్న మనిషిని ఏడుపు ఆపేశాను. అది ఎవరిదో కాదు, ఆయనదే! ఆయన ఒంట్లో పుట్టి, హైదరాబాదు వెళ్ళి పెరిగి, తిరిగొచ్చి ఆయన కాలినే పట్టుకుని బతికింది. నేను కళ్ళారా చూశాను. అందుకే నిన్ను రాయమని కూర్చోబెట్టాను. నువ్వు మా తమ్ముడి కూతురివి, కాలేజీలో చదువుకుంటున్నావు. నాకు సంతకం చెయ్యడం, బస్సు బోర్డు పోల్చుకోవడం తప్ప ఇంకేం రాదు. నా గొంతు బొంగురు. ముప్పై ఏళ్ళు కొబ్బరాకు పొగ మింగిన గొంతు ఇది. మాట తెలియకపోతే ఆపి అడుగు, ఊహించి మాత్రం రాయకు.

తుఫానుకి తోటలన్నీ నేలకూలి, మిగిలిన చెట్లు మళ్ళీ కాపుకొచ్చిన రోజులవి. మాది కొత్తపేట అవతల కాలవగట్టు మీద ఊరు. మా ఆయన కొబ్బరికాయలు ఒలిచేవాడు. నేలలో నిలువుగా పాతిన గునపం మొన మీద కాయ గుచ్చి, ఒంటి బరువంతా వేసి మెలి తిప్పితే మూడు విసుర్లలో డొక్క ఊడిపోయేది. నాలుగో విసురు వేసేవాణ్ణి ఆయన ఒలుపువాడిగా లెక్కలోకి తీసుకునేవాడు కాదు. నేను పూతరేకులు తీసేదాన్ని. బోర్లించిన కుండ కింద కొబ్బరాకు మంట పెట్టి, పలచటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి కుండ వీపు మీద ఒక్కసారి పరిస్తే, కళ్ళు మూసి తెరిచేలోపు రేకు పైకి లేస్తుంది. ఎత్తి చూస్తే అవతలి వెలుతురు కనపడేంత పలచన. దాన్ని వేళ్ళ చివరలతో ఎత్తాలి. ఆ గదిలో ఎవరూ విసురుగా నడవకూడదు, తుమ్మకూడదు, ఎంత ఉక్కపోసినా ఫ్యాను వెయ్యకూడదు. గాలి తగిలిందా, రేకు మడతపడి దానికదే అంటుకుపోతుంది. ఇక అది తినడానికే తప్ప చుట్టడానికి పనికిరాదు.

ఒక వానరోజున ఆయన తడి డొక్క మీద కాలు జారి గునపం మీద పడ్డాడు. కుడి మోకాలికీ చీలమండకీ మధ్య, ముందువైపు దిగబడింది. గుడ్డ కట్టుకుని మిగతా కాయలు కూడా ఒలిచి వచ్చాడు, మొండిమనిషి. అది మానలేదు. ఆకు పసరు పోశాం, ఊళ్ళో డాక్టరు దగ్గర సూదులు పొడిపించాం, అమలాపురంలో ఎన్నిసార్లు కట్టు కట్టించామో. తమలపాకంత పుండు ఏడాది తిరిగేసరికి అరచెయ్యంత అయింది. ఒక ఆసుపత్రిలో తొడ మీది తోలు చెక్కి అతికించారు. అది నల్లబడి ఊడిపోయింది, పైగా చెక్కిన చోట ఇంకో పుండు మిగిలింది. రెండేళ్ళు అలాగే గడిచాయి. వాసన వస్తుందని ఆయన చర్చిలో అందరికంటే వెనక, గుమ్మం పక్కన కూర్చునేవాడు. "పాస్టరుగారి ప్రసంగం అయిపోగానే ముందు బయటపడేది నేనే కదే, ఇదీ ఒక సుఖవేఁ" అనేవాడు.

చివరికి కాకినాడ ఆసుపత్రిలో ఒక డాక్టరు ఫోటో తీయించి, పుండు ఎముక దాకా దగ్గరపడిందని, ఇక కాలు మోకాలి కింద తీసెయ్యడమే మేలని చెప్పాడు. పది రోజుల్లో ఏ సంగతో చెప్పమన్నాడు. తిరుగు బస్సు మండపేట దాకా వచ్చింది. అక్కడ మిల్లు ముందు లారీల వల్ల బస్సు ఆగిపోయింది. ధాన్యం బస్తాలు వీపున మోస్తున్న మనుషుల కాళ్ళకేసి చూస్తూ ఆయన నెమ్మదిగా అన్నాడు.

"ఒంటికాలితో కాయ ఒలవలేనే."

అదే ఆయనకి భయం. చావు కాదు. ఆ మాట విన్నాక నాకూ ఇంకో ఆలోచన లేదు. ఆ కాలు ఉండాలి, అంతే.

పది రోజుల్లో మళ్ళీ వెళ్ళాం. ఈసారి వేరే డాక్టరు ఉన్నారు, కొత్తగా వచ్చారట. మాట తీరు చూస్తే రాజోలు వైపు మనిషని తెలిసిపోయింది. పుండు మీద ముక్కు పెట్టినంత దగ్గరగా వంగి చాలాసేపు చూశారు. కుర్చీ వెనక్కి లాక్కుని కూర్చుని, "అయ్యా, ఇంకొక దారుందండి. ఇక్కడ ఇంతవరకూ చెయ్యలేదు. మీరు ఒప్పుకుంటే మీరే మొదలు" అన్నారు.

"ఏం దారండీ?"

"మీ తొడ మీద నుంచి స్టాంపు బిళ్ళంత చర్మం తీస్తాం. దాన్ని హైదరాబాదు పంపుతాం. అక్కడ లేబొరేటరీలో ఆ చర్మంలో ఉన్న కణాలు విడదీసి, గాజు పళ్ళెంలో ఆహారం పెట్టి పెంచుతారు. బిళ్ళంతది అరచెయ్యంత అవుతాది. తెచ్చి పుండు మీద పరుస్తాం."

మా ఆయన నా మొహం చూశాడు, నేను ఆయన మొహం చూశాను. డాక్టరు గారు నవ్వి, "మీ వైపు నారుమడి పొయ్యరేటండీ? గుప్పెడు గింజలు ఓ మూల పోసి, నారు పెంచి, పొలమంతా నాటరా? ఇదీ అంతే" అన్నారు.

"ఎన్ని రోజులండీ నారుకి?" అన్నాడు ఆయన.

"ఇరవై ఒక్క రోజులండి."

"ఓరి దేవుడా! కోడి పొదిగినట్టేనన్నమాట!" అంటూ ఆయన పెద్దగా నవ్వేశాడు. రెండేళ్ళలో నేను విననంత పెద్ద నవ్వు. పక్క గదిలోంచి సిస్టరు తొంగి చూసింది. ఒప్పుకున్నామని ఇంకా నోటితో చెప్పలేదు, ఆ నవ్వుతోనే ఒప్పేసుకున్నాం. అలా పెంచేవాళ్ళు కూడా కొత్తగా మొదలుపెట్టారట, మొదటి కొద్దిమందికి ఊరికే చేస్తామన్నారు. ఎముకకి చెడు పాకకుండా మందులు వాడుతూ, కాలు తీసే మాట నెల రోజులు వాయిదా వేశారు. ఇది పట్టకపోతే తీసెయ్యడమే. ఆ సంగతి కూడా డాక్టరు గారు దాచలేదు. తొడ మీంచి బిళ్ళంత తోలు తీసి పంపేశాక ఇంటికొచ్చేశాం.

"అత్తా, చర్మం అని రాయనా, తోలు అని రాయనా?" అని అడుగుతున్నావా? డాక్టరు గారు అన్నచోట చర్మం, మేము అన్నచోట తోలు. ఎవరి మాట వాళ్ళకి ఉండనీ.

ఆ ఇరవై ఒక్క రోజులూ మా ఇల్లు పెళ్ళిల్లే. కోడిని పొదగేసినప్పుడు మేము గోడ మీద బొగ్గుతో రోజుకో గీత గీస్తాం. ఈసారీ అలాగే గీశాను. పొద్దున్న లేవగానే మొదటి పని అదే. ఆయన మంచం మీద నుంచే లెక్కపెట్టేవాడు. మజ్జిగన్నం తింటూ ఆగిపోయి, "ఈపాటికి అక్కడ నాది ఏం తింటోందో?" అనేవాడు. "ఏం పెడతారో ఏమో, కోనసీమ తోలాయె, కొబ్బరి లేకపోతే ముద్ద దిగదు" అనేదాన్ని. మనిషి ఇక్కడ, తోలు అక్కడ. రేకులు తీస్తున్నా నా ధ్యాసంతా దాని మీదే. రోజుకి పది రేకులు చించుకున్నాను.

మా ఆడపడుచు అదే ఊళ్ళో రెండు వీధుల అవతల ఉండేది. ఆవిడకి ఇదంతా నచ్చలేదు. వచ్చి గుమ్మంలో నిలబడి, "ఎవరి తోలో ఏమిటో! శవాలవి తీసి పెంచుతారంట. పంది తోలని కూడా అంటున్నారు" అంది.

"అక్కా, నాదే. తొడ చూత్తావా?" అంటూ మా ఆయన లుంగీ పైకి లాగబోయాడు.

"ఛీ, ఛీ! సిగ్గు లేదురా నీకు!" అని ఆవిడ మొహం తిప్పేసుకుంది. మళ్ళీ ఇటు తిరిగి నెమ్మదిగా అడిగింది, "పోనీ, అక్కడ ఇంకొకళ్ళ దాంతో కలిసిపోదేట్రా? ఎన్ని పళ్ళేలుంటాయో ఏమో!"

అది నన్ను కూడా కుదిపేసింది. మర్నాడు ఎస్టీడీ బూత్‌కి వెళ్ళి డాక్టరు గారికి ఫోను చేయించి అడిగాను. ఆయన నవ్వలేదు. "మంచి ప్రశ్నండి. ప్రతి పళ్ళేనికి పేరు రాసి ఉంటాది, వేరే అరలో పెడతారు" అన్నారు. నేను వచ్చి ఆడపడుచుకి చెబితే, "పేరు రాసి ఉంటాదా! మరి ఇంటిపేరు కూడా రాసేరా?" అంది. అప్పటి నుంచి ఆవిడ ప్రార్థనలో తమ్ముడి పేరు ఒకసారి, ఆ పళ్ళెం పేరు ఒకసారి వేరుగా చెప్పేది.

ఇరవయ్యో గీత గీసిన రోజే కాకినాడ వెళ్ళి ఆసుపత్రిలో చేరాం. మర్నాడు పొద్దున్న రైల్లో పెట్టె రావాలి. ఆ పొర బయటికి తీశాక ఒక్క రోజే బతికి ఉంటుందట. రైలు ఆలస్యం. తొమ్మిదింటికి రావలసింది పదకొండయినా రాలేదు. డాక్టరు గారు వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తూ ఉన్నారు. నేను ఆయన వెనకాలే తిరుగుతున్నాను. నన్ను కూర్చోమని ఆయన అనలేదు, కూర్చోమని ఆయనకి నేనూ చెప్పలేదు. పన్నెండు దాటాక, మందపాటి కళ్ళద్దాల పెద్దాయన ఒకాయన తెల్లటి ఐసుపెట్టె లాంటిది గుండెకి అదుముకుని ఆటో దిగాడు. దారంతా ఒళ్ళోనే పెట్టుకుని వచ్చాడట, నీళ్ళు కూడా తాగలేదట. ఆయన్ని చూసి నాకు దణ్ణం పెట్టాలనిపించింది. పెట్టేశాను కూడా.

కట్టు కట్టే గదిలో మా ఆయన బల్ల మీద పడుకున్నాడు. నన్ను గుమ్మం అవతల నిలబడమన్నారు, తలుపు మాత్రం వెయ్యలేదు. పళ్ళెం మూత తీశారు. లోపల గులాబీ రంగు నీళ్ళలో ఒక పొర. నేను ఇన్నాళ్ళూ తోలంటే తోల్లాగే ఉంటుందనుకున్నాను, దళసరిగా, నల్లగా. అది కాదమ్మా! రేకు! నా కుండ మీద లేచే రేకే! అంత పలచన, అంత తెలుపు, కింద పెట్టిన గుడ్డ దానిలోంచి కనపడుతోంది. ఇది నాకు తెలిసిన వస్తువు. ఈ గదిలో వాళ్ళందరికంటే దీన్ని ఎలా ఎత్తాలో నాకే ఎక్కువ తెలుసు.

డాక్టరు గారు రెండు పట్టకార్లతో పొరని గుడ్డతో సహా ఎత్తారు. నడినెత్తిన ఫ్యాను గిర్రున తిరుగుతోంది. పొర చివర వణికింది, లేచింది, మడతపడబోయింది.

"ఫేనాపండి!" అని అరిచాను. ఆ బొంగురు గొంతుకి గదంతా అదిరిపోయింది. సిస్టరు చేతిలోది కింద పెట్టేసింది. డాక్టరు గారు కదలకుండా, పొర మీద నుంచి చూపు తిప్పకుండా, "అమ్మగారు చెప్పింది విన్నారా? ఆపండి ముందు" అన్నారు.

ఫ్యాను ఆగింది. రెక్కలు నిలిచేదాకా ఎవరూ ఊపిరి తియ్యలేదు. పొర చివర మెల్లగా కిందికి వాలింది. దాన్ని పుండు మీద పరిచారు. ఒక అంచు దగ్గర నుంచి మొదలుపెట్టి, బుడగ రాకుండా, అటు చివర దాకా. నేను గుమ్మం దగ్గర నుంచే వేళ్ళతో గాలిలో పరుస్తున్నానట. సిస్టరు తర్వాత చెప్పి నవ్వింది.

"ఏమ్మా, ఏం పని చేస్తారు మీరు?" అని డాక్టరు గారు అడిగారు.

"రేకులు తీత్తానండి."

"అదీ సంగతి" అన్నారు. ఆ మాటతో నాకు మూడు రోజులు తల తిరిగిపోయింది. అసలు సంగతి ఇక్కడే వస్తుంది చూడు. ఆ గర్వమే నా చేత తప్పు చేయించింది. ఇది నేను ఇంతవరకూ ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. రాయి.

ఏడు రోజులు కట్టు విప్పకూడదన్నారు. ముట్టుకోవద్దన్నారు. ఎందుకని నేను అడగలేదు, నాకు తెలుసులే అనుకున్నాను. మూడో రోజు మధ్యాహ్నం ఎండ మాడిపోతోంది, కరెంటు పోయింది. ఆయన నిద్రపోతున్నాడు. కట్టు పైగుడ్డ ఎండిపోయి బిరుసెక్కింది. వేలితో తాకితే గరగరమంది. రేకు ఎండిపోతే ఏమవుతుంది? ముట్టుకుంటే పిండైపోతుంది. అందుకే మేము తీసిన రేకుల మీద తడిగుడ్డ కప్పి ఉంచుతాం, మెత్తబడితేనే అది మడతకి లొంగుతుంది. లోపల పొర ఎండి విరిగిపోతోంది, వీళ్ళెవరికీ తెలియట్లేదు అనుకున్నాను. తువ్వాలు తాగేనీళ్ళలో ముంచి, పిండి, కట్టు మీద కప్పాను. అరగంట ఉంచాను. గరగర పోయింది. తువ్వాలు తీసి దండెం మీద ఆరేసి, మంచి పని చేశాననుకుని కూర్చున్నాను.

సాయంత్రం పక్క మంచం వాళ్ళతో సిస్టరు గట్టిగా అంటోంది, "కట్టు తడపొద్దని ఎన్నిసార్లు చెప్పాలండీ? చుక్క నీళ్ళు తగిలితే చాలు, లోపల చెడిపోద్ది!"

ఆ కాలు నేనే తీసేశాననుకున్నాను. గునపం తియ్యలేదు, పుండు తియ్యలేదు, నా తువ్వాలు తీసింది. నాలుగు రోజులు ముద్ద దిగలేదు. ఆయన అడిగాడు, "ఏమే, అలాగున్నావ్?" ఏం లేదన్నాను. "ఆ పెట్టె పెద్దాయన మీద మనసు పోయిందేటే?" అన్నాడు. నవ్వు రాలేదు నాకు.

ఏడో రోజు పొద్దున్నే ఆ గదిలోకే తీసుకెళ్ళారు. ఈసారి డాక్టరు గారే నన్ను లోపలికి పిలిచి, ఆయనే స్వయంగా ఫ్యాను ఆపి, "రండమ్మా, ఇది మీరు చూడాల్సిందే" అన్నారు. ఆ మర్యాద నన్ను చంపేసింది. ఆయన కత్తెర కట్టుకి ఆనించారు.

"డాక్టరు గారండీ, ఒక్క నిమిషం ఆగండి. నేనో తప్పు చేసేనండి."

"ఏం తప్పమ్మా?"

"మూడో రోజు కట్టు మీద తడిగుడ్డ ఏసేనండి."

ఆయన కత్తెర ట్రేలో పెట్టారు. "ఎందుకేసేరు?"

"రేకు ఎండితే ఇరిగిపోద్దండి. తడిగుడ్డ కప్పితే మెత్తగా ఉంటాదండి. ఇదీ అలాగేననుకున్నానండి."

ఆయన నన్ను తిట్టలేదు. మా ఆయన వైపు తిరిగి, "మీకు తెలుసా ఈ సంగతి?" అన్నారు.

"ఆయ్, తెలుసండి" అన్నాడు మా ఆయన, కంటి రెప్ప కొట్టకుండా. "చల్లగా బాగుందని నేనే ఇంకాసేపుంచమన్నానండి. తప్పంటే నాదేనండి."

ఆ వేళ గురకపెట్టి నిద్రపోయిన మనిషి!

డాక్టరు గారు కత్తెర తీసుకున్నారు. పైగుడ్డ, దాని కింద దూది, దాని కింద జిడ్డు పూసిన వల లాంటి గుడ్డ. ఒక్కొక్కటీ తీస్తుంటే నేను కళ్ళు మూసుకున్నాను. సీసాతో నీళ్ళ మందు ధారగా పోస్తున్న చప్పుడు వినపడింది. "చూడండమ్మా" అన్నారు. "చూడండి, ధార కింద కదలట్లేదు!"

కళ్ళు తెరిచాను. రెండేళ్ళుగా ఎర్రగా, పచ్చగా, చిత్తడిగా ఉన్న చోటు లేదు. లేత గులాబీ రంగులో, తడి తామరాకులా నిగనిగలాడుతూ పొర పరుచుకుని ఉంది. నీళ్ళ ధార పోస్తున్నా లేవట్లేదు, జారట్లేదు. పట్టుకుంది! హైదరాబాదు నుంచి వచ్చి ఇల్లు గుర్తుపట్టింది! నేను సిస్టరు చెయ్యి పట్టుకుని ఊపేశాను. ఆ అమ్మాయి కూడా గెంతింది. మా ఆయన మోచేతుల మీద లేచి కాలు చూసుకుని, "అదేనేటండీ? అది నేనేనేటండీ?" అని మళ్ళీ మళ్ళీ అడుగుతున్నాడు.

కింది మూల ఒక్కచోట మాత్రం, రూపాయి బిళ్ళంత మేర, బూడిదరంగుగా చివికి ధారతో పాటు కొట్టుకుపోయింది. డాక్టరు గారు ఆ మూల చూపించారు. "ఇది పోయిందమ్మా. మీ గుడ్డ వల్లో, ఇంకెందువల్లో నేను చెప్పలేను. ఒక మూల పోవడం మామూలే. కానీ ఇంకెప్పుడూ తడపొద్దు. రేక్కి ప్రాణం లేదు, తడిపితే మెత్తబడతాది. దీనికి ప్రాణం ఉంది. తడి ఉన్నచోట దీన్ని తినేసేవి కూడా బతుకుతాయి."

"మరి ఆ మూల ఎలాగండీ?"

"చుట్టూ బతికున్నది లోపలికి పాకుతాది. నాటు ఒక మూల చస్తే, పక్క మొక్కలు పిలకలు వేసి కప్పుకోవా?"

వరండాలోకి వచ్చాక మా ఆయన్ని అడిగాను, "నిద్రపోతా అబద్ధవాడేవేం బావా?"

"నిద్రపోతే చల్లదనం తెలవదేటే?" అన్నాడు. అంతే. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఆ మూల నిజంగానే పాకింది. వారం వారం నా బొటనవేలు దూరంగా పెట్టి కొలిచేదాన్ని. వేలంత, గోరంత, కందిగింజంత. మూసుకుపోయిన రోజు ఆడపడుచు ఊరంతా తిరిగి మనుషుల్ని పోగేసింది. శవం తోలన్నది ఎవరో తెలియనట్టే, "మా వాడి సొంతవేఁ, పేరు రాసి పెంచేరు, ఇంటిపేరుతో సహా" అని చెప్పింది. ఇంటిపేరు సంగతి ఆవిడే కలిపింది. ఎవరైనా చూడ్డానికి వస్తే మా ఆయన లుంగీ ఎత్తి వేలితో చూపించేవాడు. "ఇదంతా డాక్టరు గారిది. ఈ మూల మా ఆవిడది." అక్కడ కొంచెం మెరుస్తూ, నునుపుగా మచ్చ నిలిచిపోయింది. ఎందుకు నాదో ఎవరికీ చెప్పేవాడు కాదు. ప్రేమతో అంటున్నాడనుకుని నవ్వేవాళ్ళు.

రెండు కాళ్ళ మీద నడిచాడు. మొదటి ఆదివారం చర్చిలో ముందు వరసలో, పాస్టరు గారి ఎదురుగా కూర్చున్నాడు. ప్రసంగం మధ్యలో కునుకు కూడా తీశాడు. డాక్టరు గారు వద్దన్నా వినకుండా ఒకరోజు గునపం దగ్గరికి వెళ్ళి పది కాయలు ఒలిచి వచ్చాడు, మూడు విసుర్లే. "సరిపోయిందే, ఒలవగలనని తెలిసింది చాలు" అని ఆ తర్వాత నా కుండ పక్కన కూర్చుని రేకులు చుట్టడం నేర్చుకున్నాడు. కాయలు ఒలిచిన చేతులు. మొదట్లో ముట్టుకుంటే రేకు పొడి. పక్కింటివాళ్ళు కిటికీలోంచి చూసి, "ఏమండోయ్, ఆడంగుల పనా?" అంటే, "నా ఒంటి మీద కప్పింది రేకేనండీ, రుణం తీర్చుకుంటున్నా" అనేవాడు. చుట్టాలింట్లో పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళ ముందు పిల్ల కాఫీ పళ్ళెం పట్టుకుని వణుకుతుంటే, నా చెవిలో "ఫేనాపు" అనేవాడు. నేను ఎవరిమీదైనా కోపంతో లేస్తే "ఫేనాపవే" అనేవాడు. ఏళ్ళు గడిచాయి ఆ మాటతోనే.

ఆయన పోయిన రోజు స్నానం చేయించడానికి మగవాళ్ళు వచ్చారు. ఆ కాలు మాత్రం నేను కడుగుతానన్నాను. ఎవరూ కాదనలేదు. మోకాలి కింద చెంబుతో నీళ్ళు పోశాను, చేత్తో రాశాను. ఒళ్ళంతా చల్లబడిపోయింది, అది మాత్రం అలాగే ఉంది, నున్నగా, అతుకు తెలియకుండా. నా మూల కూడా అక్కడే ఉంది. అన్నేళ్ళు ఆ చోట నీళ్ళు పడితే ఉలిక్కిపడేదాన్ని, గబగబా ఒత్తేదాన్ని. ఆ రోజు ఎన్ని పోసినా భయం లేదు. ఇంకో చెంబు పోశాను. ఆయన రెండు కాళ్ళతోనే వెళ్ళాడు.

ఆ పెద్దమనిషికి ఇది వినిపించాలి. ఎవరిదో తోలు అన్నాడు కదా. ఆదివారం పిలుస్తాను, రేకులు పెట్టి మరీ వినిపిస్తాను. తడిగుడ్డ సంగతి కూడా వినిపించు, దాచకు. నా తప్పు నాతో ఉండాలి, ఆ తోలు మీద పడకూడదు. అది ఆయన్ని ఒక్కరోజు కూడా బాధపెట్టలేదు.

అయిందా? కాగితాలు వరసలో పెట్టుకో. నీళ్ళు తాగు. ఇప్పుడు మొదట్నించీ నాకు చదివి వినిపించమ్మా, మెల్లగా. ఫ్యాను అలాగే తిరగనీ.